అగ్గిపెట్టెంత ముక్క

ఈస్టర్ ఇంకా నాలుగు రోజులుందనగా రదోయ్కా నెత్తురులో చెడ్డ కొవ్వు 1.7 అని తేలింది. 1.8 దాటకపోతేనే వేసవి మేతకు ఆవులతో కొండెక్కమని డాక్టర్ చిరిచ్ చలికాలంలోనే చెప్పింది. గుండెలో స్టెంటు వేయించుకున్న అరవై రెండేళ్ళ మనిషి, అంబులెన్సు ఎక్కిరాలేని చోట నాలుగు నెలలుండాలంటే మరి ఊరికే కాదు.

"పాలసరుకు ఎంత తినాలో చెప్పాను కదా, అలాగే తిన్నారా?" అని అడిగింది డాక్టర్, కాగితం చూస్తూ. రోజుకో కప్పు పెరుగు, అగ్గిపెట్టెంత చీజ్ ముక్క, ఆదివారం మాత్రం ఒక చెంచా కైమాక్ మీగడ.

పక్కనే కూర్చున్న మొగుడు విటోమిర్ బూటుతో ఆమె కాలు తొక్కాడు. బస్సులోనే హెచ్చరించాడు, "అడిగినదానికి ఊఁ అను, చాలు. నీకు నోరెక్కువ" అని.

రదోయ్కాకు ఊఁ అనాలనే ఉంది. పెళ్ళయిన ఏడాది నుంచి ప్రతి వేసవీ ఆ కొండమీది చెక్క గుడిసెలోనే పాలు కాచింది. వెడల్పాటి చెక్క పళ్ళేల్లో చల్లార్చి, మీగడ తీసి, పొర మీద పొర పేర్చి, ఉప్పు జల్లి కైమాక్ చేసింది. పొర తీసిన ప్రతిసారీ వేలు నాకి చూసింది. అదీ తిండి కిందికే వస్తుందని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, గుడిసె కప్పు కారుతోంది. అయినా కింద ఊళ్ళో వేసవి ఎలా గడపాలో ఆమెకు తెలియదు. ఎప్పుడూ గడపలేదు.

"తినలేదు డాక్టరమ్మా. అగ్గిపెట్టెంత కూడా తినలేదు. ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు కదా," అంది.

విటోమిర్ కిటికీ వైపు తిరిగాడు.

"ఎప్పటినుంచి?"

"మొదలైన రోజు నుంచి. ఆరు వారాలు దాటింది. చిక్కుడు గింజలు, బంగాళాదుంపలు, ఊరవేసిన క్యాబేజీ. పాలచుక్క ముట్టలేదు."

"మరి ఆదివారం పండగయ్యాక?"

"తింటాం."

"ఎంత?"

రదోయ్కా ఆలోచించింది. ముట్టకూడని రోజు ముట్టకూడదు, తినే రోజు తినాలి. ఆమె అమ్మా అంతే, అత్తా అంతే. ఎంత అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

"ఉన్నంత," అంది.

డాక్టర్ నవ్వలేదు. "ఈ అంకె ఉపవాసం తెచ్చిందమ్మా, నాకు పనికిరాదు. మామూలు రోజుల్లో మీ ఒళ్ళెలా ఉంటుందో చూడాలి. ఆవుల్ని తోలే ముందు మళ్ళీ రండి. అప్పటిదాకా రోజూ కొంచెం."

తిరుగు బస్సులో విటోమిర్ అన్నాడు, "స్టెంటు వేయాల్సింది నీ గుండెకు కాదే, నోటికి."

"పైన మళ్ళీ గుండె పట్టుకుంటే కిందికి నువ్వు మోస్తావా?"

"నిన్నా? ఎడ్లు కట్టాలి."



పండగ వెళ్ళింది. అగ్గిపెట్టెంత ముక్క కోస్తే, పళ్ళెంలో ఎవరో తిని వదిలేసినట్టు కనిపించేది. అది తిన్నాక ఆకలి ఇంకా రేగేది. మధ్యాహ్నానికి మళ్ళీ కత్తి తీసేది. ఒకరోజు తోడికోడలు స్లావెంకా గుమ్మంలో నిలబడి చూసింది.

"అక్కా, అదేనా అగ్గిపెట్టె? మా ఇంట్లో పొయ్యి కూడా అంత లేదు."

"మానేయమంటే మానేస్తానే. కొంచెం తినమంటేనే చేతకావట్లేదు," అంది రదోయ్కా.

బుధ, శుక్రవారాలు ఉపవాసం కాబట్టి ఆ రెండు రోజులూ ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది. గురువారం పొద్దున బుధవారానిది కూడా కలిపి తినేది.

మే నెలాఖరున మళ్ళీ నెత్తురు ఇచ్చింది. 2.9.

ఆ శనివారం ఆవుల్ని తోలుకుని విటోమిరూ స్లావెంకా కొండెక్కారు. తర్వాతి పరీక్ష జూలైలో.