మత్తు లేని బీరు, మూతి తిప్పుకున్న రొయ్యలు

నవ్వబోమని ముందు మాటివ్వండి, అప్పుడే చెప్తా. మొన్న ఆదివారం నా రొయ్యల ముందు నా పరువు పోయింది. మనుషుల ముందు పోవడం నాకు అలవాటే గానీ, రొయ్యల ముందు పోవడం ఇదే మొదలు.

మా బామ్మర్ది కిరణ్ సంగతి మీకు చెప్పలేదు కదా. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. శని, ఆదివారాల్లో ఇంట్లోనే బీరు తయారు చేస్తాడంట. చేసేదానికి వేరే పనేం దొరకలేదు అయ్యగారికి. శుక్రవారం సాయంత్రం వాకాడు కాడ మా రొయ్యల గుంటల దగ్గర దిగినాడు. ఒక చేతిలో స్టీలు క్యాన్, ఇంకో చేతిలో వెండిరంగు కవరు. దానికితోడు పెద్ద జలుబు, మాటంతా ముక్కులోంచే వస్తా ఉంది.

"బావా, నీకోసమే తెచ్చినా. క్రాఫ్ట్ బీరు."

"ఎంత స్ట్రాంగు?"

"మూడు శాతం."

మా ఇంట్లో పులిసిన మజ్జిగ దీనికంటే నయం అన్నా. వాడేమీ అనుకోలా. గ్లాసులో పోసి, తాగేముందు వాసన చూడమన్నాడు. నారింజ తొక్క, మామిడి, పైన్ చెట్టు అని లిస్టు చదివినాడు. వాకాడులో పైన్ చెట్టు ఎవడు చూసినాడబ్బా?

తాగినా. వేపాకు నానబెట్టిన సోడా. మింగినాక కూడా చేదు నాలుక మీదే కూర్చోనుంది, పొమ్మన్నా పోదు. పోనీ, తల కాస్తన్నా తిరుగుతుందా అంటే అదీ లేదు.

"ఇది బీరు కాదురా, బాలింతకు పోసే కషాయం," అన్నా.

"మత్తు తక్కువుంటేనే బావా మజా. మూడు గ్లాసులు తాగినా నువ్వు చెప్పేది నాకు, నేను చెప్పేది నీకు అర్థమవుతాయి. పైగా దీన్ని చేసేది చానా కష్టం. స్ట్రాంగు బీరులో ఏ తప్పున్నా మత్తు కింద దాక్కుంటుంది. ఇందులో చిన్న తేడా వచ్చినా నీలాంటి అనుభవం ఉండేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు."

ఆ ఆఖరి మాట ఒకటి నాకు నచ్చింది. "అందుకే చెప్తున్నా, బాలేదు," అన్నా.

ఇంక ఆ వెండి కవరు. అందులో ఉండేవి హాప్స్ అంట. ఏదో తీగకు పూసే పూలు. ఎండబెట్టి, పొడిచేసి, గుళికలు కట్టి అమ్ముతారంట. బీరుకు ఆ చేదూ, ఆ వాసనా వాటితోనే. తాగేదానికి ముందురోజు గుడ్డలో మూటకట్టి క్యాన్‌లో వేస్తే వాసన ఇంకా తేలుతుందంట. వాటిని చల్లగా పెట్టాలని, షెడ్డులో నా ఐస్ పెట్టెలో పెట్టినాడు. అదీ నా స్ట్రాంగు సీసాలు తీసి బయట పెట్టి.

నాకు ఒళ్ళు మండింది. వాడు ఇంట్లోకి పోంగానే కవరు పట్టుకొని లాగినా. చినిగింది. చేసేది లేక ఆ గుళికలన్నీ ఒక ఖాళీ డబ్బాలో పోసి, రొయ్యల మేత డబ్బా పక్కన పెట్టినా. డబ్బాలు రెండూ ఒకే రకం. గుళికలూ ఇంచుమించు ఒకే రకం. అవి కాస్త పచ్చన, మేత కాస్త గోధుమరంగు, అంతే తేడా.

శనివారం పొద్దుగూకతా ఉంటే కరెంటు పోయింది. నీళ్ళను చిలికే ఏరేటర్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. నేను జనరేటర్ కాడికి పరుగెత్తినా. కిరణ్ షెడ్డులోంచి కేకేసినాడు.

"బావా, నా హాప్స్ యాడ పెట్టినావు?"

"డబ్బాలో ఉండాయి, తీసుకో."

డబ్బాలు రెండని చెప్పే తీరిక నాకు లేదు. వాడు ఆ మసక చీకట్లో చేతికందిన డబ్బా తీసి, కొన్ని గుళికలు మూటకట్టి బీరులో వేసినాడు. మిగతావి చల్లగా ఉండాలని డబ్బాను ఐస్ పెట్టెలో దాచినాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి.

ఆదివారం తెల్లారకముందే మా మనుషులు పడవలో తిరుగుతా బస్తాల్లో మేత చల్లుతున్నారు. నేను ఫోన్‌లో మాట్లాడతా, షెడ్డులో కనిపించిన ఒక్క డబ్బాలోంచి చారెడు చారెడు తీసి చెక్ ట్రేలలో వేసి నీళ్ళలోకి దించినా. చెక్ ట్రే అంటే వల బిగించిన పళ్ళెం. రెండు గంటలకు పైకి లాగితే, మేత మిగిలిందా లేదా అనేదాన్నిబట్టి రొయ్య ఆరోగ్యం చెప్పేస్తాం.

లాగినా. నాలుగు ట్రేలలోనూ వేసింది వేసినట్టే ఉబ్బిపోయి ఉంది. ఒక్క రొయ్య లేదు. పచ్చగా కనిపిస్తే గుంట పాచి అనుకున్నా. రొయ్య మేత మానిందంటే మాకు వైట్ స్పాట్ రోగమే గుర్తొస్తుంది. వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో గుంటలో రొయ్యంతా చచ్చి తేలిపోతుంది. డెబ్బై రోజుల పంట. ఇంకో నెల పెరగాల్సిన రొయ్యను సగం సైజులోనే పట్టేయడానికి ఒప్పుకొని, సాయంత్రానికి వలలోళ్ళను రమ్మన్నా. పక్కన కోట ఊళ్ళో ఉండే టెక్నీషియన్ రఫీకి కూడా ఫోన్ చేసినా. మధ్యాహ్నం దాటినాక వస్తానన్నాడు.

అన్నం సయించలా. గట్టు మీద తల పట్టుకొని కూర్చోనుంటే, కిరణ్ ఒక గ్లాసు తెచ్చి చేతిలో పెట్టినాడు. "కొంచెం తాగు బావా. ఈసారి హాప్స్ ఎక్కువేసినా."

ఏ లోకంలో ఉన్నానో, తాగినా. అబ్బయ్యా, అబద్ధం చెప్పను, ప్రాణం లేచొచ్చింది.

"ఇదిరా బీరంటే," అన్నా. "మొన్నటిది ఎందుకు పనికొస్తుంది? దీంట్లో ఒక ఉప్పుంది, ఒక చిక్కదనం ఉంది, నోట్లో నిలబడతా ఉంది."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. వాడూ ఒక గుక్క తాగినాడుగానీ, జలుబుకు వాడికి రుచీ లేదు, వాసనా లేదు. నేను రెండో గ్లాసు పోయించుకొని, హాప్స్ ఎంత వేస్తే వాసన ఎట్లా తేలుతుందో వాడికే క్లాసు పీకినా.

మూడు గంటలకు రఫీ వచ్చినాడు. విసురు వల వేసి లాగితే రొయ్యలు ఎగిరెగిరి పడినాయి. ఒకదాన్ని పట్టుకొని వెలుతురులో చూసినాడు.

"పేగు నిండుగా ఉందన్నా. శుభ్రంగా తింటున్నాయి. వీటికేం రోగం?"

"మరి ట్రేలో మేత ముట్టలేదే?"

ట్రేలో గుళిక ఒకటి నలిపి వాసన చూసినాడు. "ఇది మేత కాదన్నా, ఏదో ఆకు. ఏం పెట్టినావు వీటికి?"

కిరణ్ తొంగిచూసి నీరుకారిపోయినాడు. "బావా, ఇవి నా హాప్స్."

"మరి క్యాన్‌లో ఉండేదేంది?" అన్నా. వాడు పోయి క్యాన్‌లోంచి మూట పైకి తీసినాడు. రఫీ నాలుగడుగుల దూరంలో నిలబడి కూడా ముక్కు మూసుకున్నాడు.

"మేత ఇదీ అన్నా," అన్నాడు.

వలలోళ్ళకు ఫోన్ చేసి రావద్దని చెప్పినా. పంట దక్కింది. అంతటితో వదిలిపెట్టుంటే బాగుండేది. రఫీ మంచోడు, నా ఆరోగ్యం గురించి అడిగినాడు పాపం.

"అన్నా, ఆ బీరు ఎవరైనా తాగినారా?"

"బావ రెండు గ్లాసులు తాగినాడు," అన్నాడు కిరణ్. "చానా బాగుందన్నాడు."

చూడండి మరి. వేలెడంత లేని రొయ్య, తనది కాని మేత ఎదురుగా పెడితే మూతి తిప్పుకొని పోయింది. ఇరవై ఏళ్ళుగా బీరు తాగేవాణ్ణి నేను, దాని మేత నా గ్లాసులో పోసిస్తే, రఫీ బండి చప్పుడు వినబడకపోయుంటే మూడో గ్లాసు అడిగేవాణ్ణే.