తాగుడు మానేవాళ్ల కూటం

తాగుడు మానేవాళ్లు కలిసి కూర్చుని ధైర్యం చెప్పుకునే కూటం ఇబ్రహీంపట్నంలో ఉందని విన్నాను. ఈ రోజు పొద్దున మా ఆయన "పోదాం" అన్నాడు. ఆయన మనసు మారకముందే కనుక్కోవాలని సిగ్గు విడిచి బయల్దేరాను. నలుగురు కూడితే చాలు, నక్సలైట్ల సంఘం వాళ్లంటూ పోలీసులు పట్టుకుపోతున్న రోజులు. "కూటం ఎక్కడ?" అనగానే అందరూ తలుపులు వేసుకున్నారు. చివరికి కల్లు అమ్మే గౌడన్నను అడిగాను.

"మగ్గాల కొట్టం ఎనుక, చెల్లె. నా గిరాకోళ్లంత గాడనే ఉన్నరు."

"నువ్వే చెప్పవడ్తివి, అన్నా?"

"మీ ఆయనను జల్ది తోల్కపో. ఈడికొస్తె నేను పొయ్యక మానను."

మా ఆయనను అక్కడ కూర్చోబెట్టి వచ్చాను. సాయంత్రం తిన్నగా నడిచి ఇంటికొచ్చాడు. ఇప్పుడు గౌడన్నకు దండం పెట్టాలా, గిరాకీ చెడగొట్టినందుకు క్షమించమనాలా? మీరే చెప్పండి.