స్కూటీ గెలిచిన అమ్మాయి

మైదుకూరు నుంచి కర్నూలు పోయే బస్సులో నా పక్కనున్న అమ్మాయి ఫోన్ కెమెరాలో చూసుకుంటూ, పదేపదే నోరు తెరిచి ఆశ్చర్యపోతోంది.

"ఏం చేస్తాండావు పాపా?" అన్నాను.

"వీడియోలు చేసే ఈ అన్న పెట్టిన గివ్‌అవేలో నాకు స్కూటీ తగిలిందక్కా!" అంటూ అతని పేజీ చూపించింది. "పొద్దున ఫోన్ చేసినారు. స్కూటీ చూసి నేను ఆశ్చర్యపోయేది వీడియో తీస్తారంట. ఎవురికీ చెప్పకుండా ఒక్కదాన్నే రమ్మన్నారు. ఇట్ల చేస్తే నిజం మాదిరి ఉంటాదా?"

ఓర్వకల్లు రాకముందే, రాళ్లగుట్టల దగ్గర దిగింది. అక్కడ కారొకటి ఆగి ఉంది.

బస్సు కదిలాక నా ఫోన్‌లో ఆ పేజీ తెరిచాను. అన్నిటికంటే పైన నిబంధన కనిపించింది: మేము ఎవరికీ ఫోన్ చేయం, విజేత పేరు ఇక్కడే ప్రకటిస్తాం.

అరిచి బస్సు ఆపించి, వెనక్కి పరుగెత్తాను. గుట్టల దగ్గర ఎవరూ లేరు.

ఇప్పటికీ వీడియోల్లో ఎవరైనా అలా నోరు తెరిస్తే, నాకది ఆశ్చర్యంలా కనిపించదు.