లామినిన్ లేని పాప

పాప పుట్టిన రెండో రోజు, చేతికి కట్టిన గుర్తింపు పట్టీని నర్సు సర్దబోతే దాని కింది చర్మం పట్టీతో పాటే ఊడి వచ్చింది. అప్పటికే మడమల మీద బొబ్బలున్నాయి. ఏడుపు బొంగురుగా ఉండేది.

మాది నార్సింగి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నా భార్య నా మేనమామ కూతురే. మా అమ్మ తన తమ్ముణ్ణి అడిగి చేసుకున్న సంబంధం.

చర్మం ముక్క పరీక్షకు వెళ్లింది. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపించింది.

"లామినిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుందండి. మూడు పోగులు పేనిన తాడు లాంటిది. పోగుల మీద అక్కడక్కడా చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. పైచర్మాన్ని కింది పొరకు పట్టి ఉంచేది అదే. గొంతు లోపలా అంతే. మూడింట్లో ఒక్క పోగు తయారు కాకపోయినా తాడు కుదరదు. పాపకు కుదరలేదు."

"మందు లేదా మేడమ్?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీది మేనరికమా?"

"ఔ," అంది నా భార్య.

"మీ ఇద్దరిలోనూ ఒక్కో చెడ్డ జన్యువుంది. ఒకటే ఉంటే ఏమీ కాదు. పాపకు రెండూ వచ్చాయి."

ఆ తర్వాత పాపను చంకల కింద పట్టి ఎత్తలేదు. మెత్తటి గుడ్డతో సహా ఎత్తేవాళ్లం. చర్మం అంటుకుని రాకుండా రోజూ కట్లు నేను తడిపేవాణ్ణి, ఆమె విప్పేది. పాప నోరు తెరిచేది గానీ శబ్దం వచ్చేది కాదు. ఆఫీసుకు వెళ్లిన రోజు నాకు తేలికగా ఉండేది. ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆరో వారంలో ఒక ఉదయం ఊపిరాడక పాప పోయింది. నా భార్య గుడ్డ తీసేసి, మొదటిసారి గట్టిగా గుండెకు హత్తుకుంది. "ఇగ నొప్పి లేదు కద బావా," అంది.

మా అమ్మ అన్నం ముట్టలేదు. "నేనే చేసిన బిడ్డా. బయటోళ్లెందుకు, మనోళ్లే అనుకున్న."

"నీకేం తెలుసు అత్తా. జర తిను," అంటూ నా భార్య కంచం ముందుకు జరిపింది.

మా తమ్ముడికి నా భార్య చెల్లెల్ని ఇవ్వాలని ముందే మాట అయ్యింది. వాళ్లిద్దరికీ ఇష్టం. ఇద్దరికీ పరీక్ష చేయిద్దాం, వాళ్లలో ఏ ఒక్కరికి ఆ జన్యువు లేకపోయినా భయం ఉండదని అమ్మకు చెప్పాను. అమ్మ వినలేదు. మామకు ఫోన్ చేసి ఆ సంబంధం వద్దంది. మరుసటేడు ఆ పిల్లకు వేరే చోట పెళ్లయింది. తమ్ముడు మదీనాగూడలో గది కిరాయికి తీసుకున్నాడు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తుతాడు, అడిగినదానికి జవాబు చెప్పి పెట్టేస్తాడు.