పిడికిట్లో అక్షింతలు

మా ఇంట్లో శ్రావణమాసం నోము కథ నాయనమ్మే చెప్పేది. వినేవాళ్లు అక్షింతలు పిడికిట్లో పట్టుకుని కూర్చోవాలి. కథ అయ్యేదాకా లేవకూడదు, పిడికిలి విప్పకూడదు. ఆ కథలో ఒక తల్లి మధ్యలో లేచిపోతుంది. ఆమె బిడ్డ అడవిలో తప్పిపోతుంది. మరుసటి ఏడు ఆ తల్లి బుద్ధి తెచ్చుకుని కథంతా వింటే, బిడ్డ నడుచుకుంటూ ఇంటికొస్తుంది.

ఏన్కూరు దాటాక అడవి అంచున మా ఊరు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. ఆ ఏడు కథ సగంలో ఉండగా, లోపల జ్వరంతో పడుకున్న ఆరేళ్ల చెల్లెలికి ఫిట్స్ వచ్చాయి. అమ్మ అక్షింతలు జారవిడిచి పరుగెత్తింది. ఆటోలో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. జ్వరం మెదడుకెక్కిందన్నాడు డాక్టరు. చెల్లెలు మళ్లీ ఇంటికి రాలేదు.

అమ్మను ఎవరూ ఒక్క మాటా అనలేదు. అననక్కర్లేదు గదా! ఆ కథ ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు.

నాకు ఒళ్లు మండిపోయేది. బిడ్డ గిలగిలా కొట్టుకుంటుంటే కదలకుండా కూర్చున్న తల్లి మంచిదట, లేచి ఉరికినామె పాపిష్టిదట! ఇదెక్కడి న్యాయం? ఆ కథ అల్లినవాళ్లకు పిల్లల్లేరేమో.

మరుసటి శ్రావణంలో నాయనమ్మ కథలో తల్లి లేచిపోయే చోటికొచ్చి ఆగింది. "ఆ తల్లి లేవలేదు" అని కథే మార్చేసింది. దీపం కొండెక్కితేనే హడలిపోయే మనిషి, కోడలి కోసం దేవుడి ముందు అబద్ధమాడింది. ఇప్పుడు నేనూ కథలు రాస్తున్నాను. మంచి మనిషిని రాయబోతే ముందు ఆ అబద్ధమే గుర్తొస్తుంది.

అమ్మ ఒప్పుకోలేదు.

"గట్ల గాదు అత్తమ్మా. ఆమె లేచింది. ఉన్నదున్నట్టు చెప్పు."

"వద్దు బిడ్డా. నువ్వేం తప్పు చేసినవ్? దేవుడు గట్ల చెయ్యడు," అంది నాయనమ్మ.

నేను ఉండబట్టలేక, "అదంతా ఉత్త కథ అమ్మా!" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది.

"ఉత్తదైతే, చివర్ల పిల్ల తిరిగొచ్చుడు గూడ ఉత్తదేనా?"

నాయనమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఉన్నదున్నట్టే. అమ్మ ఈసారి కదల్లేదు. కథ అయిపోయాక అందరం అక్షింతలు తలమీద వేసుకున్నాం. అమ్మ మాత్రం పిడికిలి విప్పకుండా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.