ఆగ్నెస్ రాసిన నాలుగు పేజీలు

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజుల్లో, అంటే తొంభై నాలుగులో, నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఒక ట్రైనింగ్ సెంటర్లో ఆగ్నెస్ ల్యాబ్ అటెండర్‌గా చేరింది. చెప్పులు వరసగా పెట్టించడం, మిషన్లకు గుడ్డలు కప్పడం ఆమె పని. కొన్నేళ్లకే మిషన్ కాస్త మూలిగితే చాలు, జబ్బేమిటో చెప్పేసేది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో, విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సీడీ దొరికితే, ఎవరూ నేర్పకుండానే ఎక్కించి చూసింది. భేష్ అన్న పాపాన ఒక్కరూ పోలేదు. ఆమె కూడా ఆశపడలేదు, రెండువేల మూడు దాకా.

ఆ ఏడాది అమరేశ్వరరావు అనే ఇంజనీరు నలుగురైదుగురిని పోగేసి 'ముత్యం' అనే ఉచిత లినక్స్ తయారుచేశాడు. ఆదివారం మీటింగులు ఆ ల్యాబ్‌లోనే. ఆగ్నెస్ చర్చి నుంచి నేరుగా వచ్చి తాళం తీసేది. విడుదలకు సిద్ధమా కాదా అని రెండు నెలలు వాదించుకున్నారు. ఒకాయనకు రంగులు నచ్చలేదు, ఇంకొకాయనకు ప్రింటర్ పలకలేదు. అసలు రోగం పట్టుకున్నది ఆగ్నెస్. హార్డ్ డిస్కును రెండు భాగాలు చేసి, ఖాళీ భాగంలో ముత్యం ఎక్కించమంటే, అది ఫైళ్లున్న రెండో భాగాన్ని కూడా తుడిచిపెట్టేస్తోంది. అన్నిసార్లూ కాదు, పదిసార్లకు మూడుసార్లు. ఏ రోజు, ఏ మిషన్, ఏం నొక్కితే అలా అయిందో నాలుగు పేజీలు రాసి తెచ్చింది.

అమరేశ్వరరావు మొదటి పేజీ సగం చూసి బల్లమీద పడేసి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"కిలోల లెక్కన కొన్న మిషన్లమ్మా ఇవి. తుక్కులో తుక్కు తప్పులే దొరుకుతాయి. అటెండరు చెప్పిందని రిలీజు ఆపుకుంటామా?"

అందరూ నవ్వారు. నవ్విన ప్రతి మొహాన్నీ ఆగ్నెస్ గుర్తుపెట్టుకుంది. కాగితం మీద గుండ్రంగా మరక పడింది. ఒళ్లు మండిపోతున్నా గ్లాసులు కడిగింది.

విడుదల సభకు బషీర్‌బాగ్‌లో హాలు తీసుకున్నారు. అందరి ముందూ ముత్యాన్ని ఎక్కించి చూపించాలి. ల్యాబ్ నుంచి ఒక మిషన్ పంపమన్నాడు అమరేశ్వరరావు.

"మా తుక్కు మిషన్ గాడ ఎందుకు సార్? మీ కొత్తది తెండి, మంచిగుంటది" అంది ఆగ్నెస్.

ఆ కొత్తదాంట్లో ఆయన ఏడాదిగా టైపు చేసుకుంటున్న పుస్తకం ఉంది. పాత మిషన్ అమ్మేసినప్పుడు ఆ ఫైళ్లను సీడీలోకి తీసి కొత్తదాంట్లో పెట్టింది ఆగ్నెస్సే. ముందుగా అన్నిటికీ కాపీ తీసుకోవాలని నాలుగో పేజీలో రాసింది కూడా. రెండోసారి నోటితో చెప్పలేదు.

సభలో వెనక వరసలో కూర్చుని, పదిలో ఆ మూడు ఈరోజే రావాలని ప్రార్థించింది. ఇలాంటివి దేవుడు వినకూడదు. విన్నాడో, ముత్యమే విందో గానీ, ఆయన తెచ్చిన కొత్త మిషన్ డిస్కు మొత్తం తుడుచుకుపోయింది.

అప్పుడు ఆ పుస్తకం ఫైళ్లు తీసిన సీడీ ఆమె సంచిలోనే ఉంది. తన పేరు ఒక్కసారి పలికితే ఇచ్చేద్దామనుకుంది. అమరేశ్వరరావు చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"ఈ లోపాన్ని నేను ముందే గమనించాను. రిలీజు వాయిదా వేస్తున్నాం."

చప్పట్లు కూడా కొట్టారు! ఆగ్నెస్ సంచి జిప్పు లాగేసింది.

వేదిక దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. "ఆగ్నెస్, నా పుస్తకం... అప్పట్లో ఏమైనా కాపీ ఉంచావా?"

"అటెండర్ తాన ఏముంటది సార్?"

జాలి కలగలేదా అంటే, కలిగింది. చప్పట్లు గుర్తొచ్చి పోయింది.

మూడు నెలల తర్వాత ఆయన కొత్త ముత్యంతో ల్యాబ్‌కు వచ్చాడు. పుస్తకం మళ్లీ మొదటి అధ్యాయం నుంచి టైపు కొట్టుకుంటున్నాడట, కళ్లు పీక్కుపోయాయి. "ఈసారి నువ్వు సరేనంటేనే రిలీజు" అన్నాడు. ఎవరూ లేనప్పుడు అన్నాడు.

ఆగ్నెస్ టీ పోసింది. సొరుగులోంచి ఒక సీడీ తీసి, రాత ఉన్న వైపు కిందికి తిప్పి ఆయన ముందు పెట్టింది.

"గ్లాసు దీనిమీద పెట్టుండ్రి సార్. బల్లకు మరకైతది."

పెట్టాడు. తన పుస్తకం మీదే పెట్టుకుని, టీ బాగుందన్నాడు.