కొత్త ఉయ్యాల, చిక్కుడు గుడాలు

మా అత్తమ్మకూ నాకూ వారానికి అరగంట సంధి ఉండేది. ఆదివారం పొద్దున టీవీలో తోటపని కార్యక్రమం వచ్చే అరగంట. ఆ కాసేపు ఆమె నా కూరలో ఉప్పు సంగతి ఎత్తేది కాదు, నేను ఆమె పెట్టుకోని కళ్లజోడు సంగతి ఎత్తేదాన్ని కాదు. ఇద్దరం బుద్ధిగా కూర్చుని టీవీలో ఒక ముసలాయనను చూసేవాళ్లం.

ఆయన ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పొట్టి చేతుల చొక్కా, రెండు కుండీలు, ఒక పార, వెనకాల ఒక ఆకుపచ్చ గుడ్డ. కార్యక్రమం మొత్తం అంతే. మధ్యమధ్యలో దగ్గేవాడు, ఆ దగ్గును కూడా ప్రసారం చేసేవాళ్లు. పావుగంట పేనుబంక గురించే చెప్పేవాడు. మా అత్తమ్మకు ప్రాణం మాత్రం చివరి ఐదు నిమిషాలు. అప్పుడాయన ప్రేక్షకుల ఉత్తరాలు చదివేవాడు. ఫలానా ఊళ్లో ఒకామె దగ్గర పొట్ల విత్తనాలున్నాయి, కావలసినవాళ్లు మీ చిరునామా రాసిన కవరు పంపండి అనేవాడు.

కొన్నేళ్ల కిందట మా అత్తమ్మ పేరు కూడా అలా చదివాడు. ఆమె నల్ల చిక్కుడు గింజలు ఇస్తానంది, ఉత్తరం నేను రాసిపెట్టాను. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను, కాబట్టి ఇంట్లో రాతపని అంతా నాదే. మూడు కవర్లు వచ్చాయి. అందులో ఒకటి ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి. ఆ కవరు పంపినామె మరుసటి ఏడు ఒక కార్డు కూడా వేసింది, తీగ ఇంటి కప్పెక్కిందని. నా పుట్టిల్లు ఆదిలాబాద్ దిక్కు. "మీ దిక్కోల్లకు గూడ ఇత్తనం ఇలువ తెలుసా పిల్లా!" అని మా అత్తమ్మ ఆ కార్డును చూసి నాలుగు రోజులు ఆశ్చర్యపోయింది.

ఆ చిక్కుడు ఆమెకు అవ్వ, అంటే తల్లి, ఇచ్చింది. హుస్నాబాద్ దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చేటప్పుడు, వాళ్లవ్వ కొంగున గుప్పెడు గింజలు ముడివేసి పంపిందట. ఇంకేమీ పంపలేదట, పంపడానికి ఏమీ లేక. మా ఇంట్లో రెండు సాంచాలు ఉన్నాయి. కరెంటు మీద నడిచే మగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. మా ఆయన వాటి మీద బట్ట నేస్తాడు. ఆ సాంచాల కొట్టం వెనక గోడకు ప్రతి ఏడూ ఆ తీగ ఎక్కేది, తెగిన నూలు పోగులన్నీ దాన్ని కట్టడానికే పోయేవి. ఎండాకాలం తీగ పీకేసి, గింజలు ఒలిచి, బూడిద కలిపి, పాత పాలపొడి డబ్బాలో దాచేది. మళ్లీ మిరుగం కార్తెకు, తొలకరి వానలకు నాటేది. ఆ డబ్బా, బూడిద సంగతులు నాకు తర్వాతే తెలిశాయి.

ఇంతలో టీవీ వాళ్లకు అభివృద్ధి చెందాలనిపించింది. సరికొత్త హంగులతో మీ అభిమాన కార్యక్రమం అని వారం రోజులు మోగించారు. హంగులు చూడటానికి మేం ఘనంగా ఏర్పాట్లు చేసుకున్నాం. బడికి ఎండాకాలం సెలవులు, కాబట్టి నాకు చేతినిండా తీరిక. ఎదురింటి అక్కను పిలిచాం. ఆమెది భూములున్న కుటుంబం, ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతారు. ఇంటికి వచ్చే మనిషికి గుడాలు, అదే గుగ్గిళ్లు, పెడదామని, అల్మారా వెనక ఒక డబ్బాలో కనిపించిన గింజలను శనివారమే నానబెట్టాను. గింజలకు బూడిద అంటి ఉంది. పురుగు పట్టకుండా ఎవరో ఎంత జాగ్రత్త పడ్డారో అని మెచ్చుకుని, ఆ జాగ్రత్తనంతా రెండు నీళ్లతో శుభ్రంగా కడిగేశాను.

ఆదివారం కార్యక్రమం మొదలైంది. ముసలాయన లేడు. పట్టుచీర కట్టుకున్న ఒక అమ్మాయి పూల ఉయ్యాలలో ఊగుతూ, మొక్కలంటే తనకు చిన్నప్పటి నుంచీ ఎంత ఇష్టమో చెప్పింది. కింద తెల్లటి గులకరాళ్లు పరిచారు, మట్టి కనబడితే ప్రేక్షకులు జడుసుకుంటారని కాబోలు. ఆకాశం నుంచి కెమెరా దిగింది. ఒక సీరియల్ నటుడు వచ్చి మందార మొక్క చెవిలో తన రహస్యం చెప్పాడు. మందారానికి చెవి ఎక్కడుంటుందో ఆయన సరిగ్గానే కనిపెట్టాడు. పేనుబంక మాట ఎక్కడా రాలేదు. ఉత్తరాలూ రాలేదు.

"గా పెద్దాయన ఏడి? సచ్చిపోయిండా ఏంది?" అంది అత్తమ్మ, గుడాలు నములుతూ.

"ఆయనను తీసేసిండ్రట అత్తమ్మా," అన్నాను.

"మంచిగనే అయింది. గా దగ్గు ఎవలు ఇంటరు? జమానా మారాలె గద," అంది ఎదురింటి అక్క. ఆమె పోయినేడు పెరడంతా సిమెంటు చేయించి, దాని మీద పన్నెండు ప్లాస్టిక్ సంచుల్లో మట్టి పోసి, ఇప్పుడు ప్రకృతికి దగ్గరగా బతుకుతోంది.

మా ఆయన టీవీకి దగ్గరగా జరిగాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నీళ్ల చెంబు పట్టి మొక్క దగ్గరికి పోని మనిషి, ఆ పొద్దు అరగంటా రెప్ప వేయకుండా తోటపని నేర్చుకున్నాడు.

"గుడాలు మాత్రం కమ్మగున్నయి పిల్లా," అంది అత్తమ్మ.

పదకొండేళ్లలో నా వంటకు ఆమె నోట వచ్చిన మొదటి మంచి మాట అది. నేను పొంగిపోయి ఇంకో గంటె వేశాను. ఆమె ఒక గింజను వేళ్ల మధ్య పట్టి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీ గింజలు ఏడికెల్లి తెచ్చినవ్?"

"అల్మార్ల ఉన్నయి గద, గా పాలపొడి డబ్బల..."

"బూడిద కలిపినయా?"

"అవ్."

ఆమె నమలడం ఆపేసింది. నోట్లో ఉన్నదాన్ని మింగాలో ఉమ్మాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మింగింది. "అవి మా అవ్వ ఇత్తనాలు," అని లేచి కొట్టం వైపు వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఖాళీ గోడ వైపు వెళ్తున్న ఆమె వీపును చూస్తూ నా గిన్నె పక్కన పెట్టేశాను. ఎదురింటి అక్క మాత్రం, వేస్టు చేయడం ఎందుకని, గిన్నె ఖాళీ చేసింది.

వాడకట్టులో ఎవరిదగ్గరా ఆ గింజ మిగల్లేదు. అత్తమ్మ ఇచ్చినవాళ్లంతా ఆ పాటికి సిమెంటు వైపో, సంచుల వైపో పోయారు. కవర్లు పంపిన ముగ్గురిలో మాకు గుర్తున్నది బోథ్ ఆమె ఒక్కతే. ఆమె కార్డు ఎప్పుడో పోయింది. పాత కార్యక్రమమే అయితే ముసలాయన ఒక దగ్గు దగ్గి, "బోథ్‌లో ఉన్న అమ్మా," అని పిలిచేవాడు, పని అయిపోయేది. మిరుగానికి ఇంకా నెల ఉంది.

రెండో ఆదివారం ఆ ఉయ్యాల అమ్మాయి, కొత్త రూపం ఎలా ఉందో మీ అభిప్రాయాలు ఈ నంబరుకు పంపండి అంది. అంతే, నాకు పూనకం వచ్చింది. నాలుగు పేజీలు రాశాను. అంత మంచి వచనం నేనెప్పుడూ రాయలేదు. "మీ చీర చాలా బాగుంది. దానికి మట్టి అంటకుండా అరగంట తోటపని నడపడం మామూలు విషయం కాదు. ఆ ఉయ్యాల మీద నుంచి మా కళ్లు తిప్పుకోలేకపోయాం, తిప్పితే చూడటానికి అక్కడ ఒక్క మొక్కయినా లేదు కదా," అని మొదలుపెట్టాను. మూడో పేజీలో విత్తనాల పంపకం ఎత్తేసినందుకు నిలదీశాను. "తరతరాల నాటు విత్తనం ఒకటి కనుమరుగైతే దానికి బాధ్యులెవరు?" అని ప్రశ్నించాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను. పేజీలను ఫోటోలు తీసి పంపాను.

మూడో ఆదివారం అభిప్రాయాలు చదివారు. మిశ్రమ స్పందన వచ్చిందంటూ ఆ అమ్మాయి మురిసిపోతూ చెప్పింది. ఒకాయనకు సంగీతం నచ్చిందట, ఒకామెకు గులకరాళ్లు ఎక్కడ దొరుకుతాయో కావాలట. ఇంకొకాయన పాతాయన దగ్గే నయం అన్నాడట. ఆపైన, "కరీంనగర్ జిల్లా నుంచి ఒక టీచర్ గారు ఏం రాశారంటే," అని చదివింది: "మీ చీర చాలా బాగుంది. ఆ ఉయ్యాల మీద నుంచి మా కళ్లు తిప్పుకోలేకపోయాం." చదివి, నాకు చేతులు జోడించింది.

మా ఆయన నవ్వుతూ మంచం మీద దొర్లాడు. అత్తమ్మ నవ్వలేదు.

"నాలుగు కాయితాలు రాసినవ్ గదా. బోథ్ ఆమెను ఇత్తనం పంపమని అడిగినవా?"

ఫోను తీసి నాలుగు పేజీలూ మళ్లీ చదివాను. చీర ఉంది, ఉయ్యాల ఉంది, మందారం చెవి ఉంది, తరతరాల సంస్కృతి ఉంది. బోథ్ లేదు. చిక్కుడు అన్న మాటే లేదు. మరిచిపోయానని చెప్పబోయాను, కానీ అది అబద్ధం. అడగాలంటే ఆ గింజలు ఏమయ్యాయో రాయాలి. అది రాయడానికి మనసొప్పక, బాధ్యులెవరని ఊరందరినీ అడిగాను. నాకు చాలా సిగ్గేసింది.

"రాయలే అత్తమ్మా," అన్నాను.

"ఎందుకు రాయలే?"

"నేను ఉడకవెట్టిన్నని రాయాలె గదా."

"గింత దానికి గన్ని కాయితాలా! జర ఫోను పట్టు, నేను మాట్లాడుత."

నేను రికార్డింగు నొక్కి ఫోను పట్టాను. ఆమె గోడకు ఆనుకుని, కొంగు సర్దుకుని, ఫోనును ఏదో చెవిటిమనిషి అనుకుని గట్టిగా మాట్లాడింది. "నమస్తే బిడ్డా. నువ్వు మంచిగ మాట్లాడుతున్నవ్, గని జర ఉయ్యాల దిగి మాట్లాడు, మాకు కండ్లు తిరుగుతున్నయి. నా నల్ల చిక్కుడు ఇత్తనాలను మా కోడలు తెల్వక గుడాలు వెట్టింది. దాన్ని ఎవలేం అనకుండ్రి, కమ్మగనే వెట్టింది, నేను గూడ తిన్న. బోథ్‌ల ఉన్న అక్కా, అప్పట్ల నీకు పంపిన గదా, ఉంటే పది గింజలు పంపు. మిరుగం వస్తుంది. నేను నాటుకోవాలె."

కోడలి ముక్క కత్తిరిద్దామని నాకు లోపల ఆశ పుట్టింది. ఆమె నా భుజం దగ్గరే నిలబడింది. చదువు రాదు గానీ ఫోను సంగతులు బాగా తెలుసు. "రెండు గీతలు నీలం అయినయా?" అని అడిగి, అయ్యాయని చూపించాకే కదిలింది.

నాలుగో ఆదివారం దాన్ని పూర్తిగా వినిపించారు. కింద నేను టైపు చేసి పంపిన మా చిరునామా కూడా వేశారు. నా నాలుగు పేజీలను రెండు వాక్యాలు చేసిన ఆ కత్తెర, మా అత్తమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారింది. గుడాలు అన్నప్పుడు తెర మీద బొమ్మ గింజలు గంతులు కూడా వేశాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి ఉయ్యాల దిగి, నేల మీద నిలబడి, "బోథ్‌లో ఉన్న అమ్మా, వింటున్నారా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ రోజు నుంచి ప్రేక్షకులు కొత్త కార్యక్రమాన్ని వదిలేసి నా మీద అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టారు. అక్కడా మిశ్రమ స్పందనే. ఈ కాలపు కోడళ్లకు విత్తనానికీ పప్పుకూ తేడా తెలియదని సగం మంది తేల్చారు. మిగతా సగం మంది, గుడాలకు పోపులో ఏమేం వేశారని అడిగారు. పెద్దపల్లి బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె నా చేయి పట్టుకుని, "నువ్వేనా బిడ్డా?" అని జాలిపడింది. మా బడి తెరిచాక హాజరు పిలుస్తుంటే వెనక బెంచీ నుంచి సన్నగా "గుడాలు" అని వినిపించింది. తల ఎత్తకుండా తర్వాతి పేరు పిలిచాను.

కవర్లు కూడా వచ్చాయి. తెల్ల చిక్కుడు, ఎర్ర చిక్కుడు, ఒకదాంట్లో చిక్కుడే కాని ఏవో గింజలు. వచ్చిన ప్రతి కవరునూ అత్తమ్మ అరచేతిలో పోసుకుని, వెలుతురుకు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపేది. మిరుగం వచ్చింది, మొదటి వాన కూడా పడింది. ఆమె గోడ కింద మట్టి తవ్వి సిద్ధం చేసుకుంది. నేను రోజూ బడి నుంచి వస్తూ, గుమ్మంలో కవరు ఉందేమోనని ముందు నేల వైపే చూసేదాన్ని.

బోథ్ కవరు బుధవారం వచ్చింది. లోపల పాత గుడ్డ ముక్కలో మూట కట్టిన పదకొండు గింజలు, నల్లగా, పక్కన తెల్లటి గీతతో. వాటితోపాటు ఒక కాగితం. అత్తమ్మ పక్కన కూర్చుని చదివాను. "అక్కా, గివి మీ ఇత్తనాలే. గా కొత్త ప్రోగ్రాం నాకైతే నచ్చలే, మా ఇంటోళ్లు వెడితే మీ గొంతు ఇన్న. పోయినేడు కోతులు పందిరంతా పీకినయి. ఇరవై రెండు గింజలే మిగిలినయి. సగం నేను నాటుకున్న, సగం మీకు పంపిన. కోడలిని ఏం అనకుండ్రి."

"మీ దిక్కామెనే," అంది అత్తమ్మ, గింజలను లెక్కపెడుతూ. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి. తిట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం ఆమెకు మళ్లీ రాదు, అయినా వాడుకోలేదు.

ఆరు గింజలు నాటింది. ఐదు, బూడిద కలిపి, ఆ పాలపొడి డబ్బాలోనే వేసింది. మూత బిగించి డబ్బాను నా ఒళ్లో పెట్టింది.

"దీని మీద రాయి పిల్లా."

"ఏం రాయాలె?"

"ఇత్తనాలు అని రాయి. పెద్దగ రాయి."

నల్ల పెన్నుతో, బోర్డు మీద రాసినంత పెద్ద అక్షరాలతో, విత్తనాలు అని రాశాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అల్మారాలో ముందు వరుసలో పెట్టింది. ఆమెకు చదవడం రాదు. మా ఆయన వంటింట్లోకి రాడు. ఆ ఇంట్లో ఆ డబ్బా మీది మాట చదవాల్సిన మనిషిని నేనొక్కదాన్నే.